తాతయ్య ఉత్తరంలో చెరిగిన అక్షరం: ‘కి’యా, ‘గి’యా?

అంబాజీపేట: 1994లో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు తాతయ్య ఇన్‌లాండ్ లెటర్ రాశారు. ‘మన ఇంటి తలపాగాకు ఇది మరో కలి...తురాయి’ అని. మడత మీద పడి ఒక్క అక్షరం అరిగిపోయింది. గుడి మాత్రం మిగిలింది. ఆయన ఇంగ్లిష్ మాస్టారు, ‘ఫెదర్ ఇన్ ది క్యాప్’ మనసులో పెట్టుకునే రాసుంటారు. ఆ అక్షరం ఏమై ఉంటుంది?

పాలకొల్లు: ఆయ్, ‘కి’ అండి. పేపర్లన్నీ కలికితురాయి అనేగా రాస్తాయి.

కడియం: పేపర్లో వస్తే సరిపోతుందాండీ? కల్గీ అన్నా తుర్రా అన్నా ఉర్దూలో తలపాగా మీది కుచ్చే. మరాఠీలో కల్గీ-తురా అని రెండు పక్షాలు పోటీపడి పాడే సంప్రదాయమే ఉంది. ఆ కల్గీ మన నోట్లో పడి కలికి అయ్యిందని నా గట్టి నమ్మకం. కలికి అంటే అందగత్తె కదా, అందుకే తలపాగాలోంచి తీసి ‘సిగలో మరో కలికితురాయి’ అని తురిమారు. ఒక్క అక్షరం మగవాడి తలపాగాని ఆడవాళ్ళ సిగ చేసేసింది!

నరసాపురం: సిగ ముచ్చటగానే ఉంది. ‘కిరీటంలో కలికితురాయి’ అంటేనే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. కిరీటానికి కుచ్చు ఎవరు గుచ్చుతారు? అయినా మన మర్యాద తలకి కాదు, కాలికి. పెద్దనకి రాయలు తొడిగింది గండపెండేరం.

కడియం: మా ఊరి చెళ్ళపిళ్ళ వారి జంట, అదే తిరుపతి వేంకట కవులు, ఆ మర్యాదని మీసంలో పెట్టుకుంది! సంస్కృతం, తెలుగు రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమని చాటడానికే మీసం పెంచామన్నారు. రోషముంటే గెలవండి, గెలిస్తే మీసం తీసేసి మీ పాదాల దగ్గర తల పెడతామన్నారు. ఆ పద్యం ఎప్పుడు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పాలకొల్లు: పద్యంలో రోషము కాదండి, ‘రోసము’. దోసము, మీసము, రోసము... ప్రాస ‘స’.

కడియం: ఒప్పుకున్నాను. నేను వచనంలో చెప్పాను గనక ‘ష’ వచ్చింది.

నరసాపురం: మొదటి పాదంలో ‘దోసమటంచెఱింగియును’లో బండి ‘ఱ’ ఉండాలి, అదీ మర్చిపోకండి.

అంబాజీపేట: ఉత్తరాన్ని దీపానికి అడ్డుపెట్టి వెనకనుంచి చూశాను. గుడి కింద ఎడమవైపు సన్నటి గీత దిగుతోంది, ‘గి’లాగే ఉంది. మడత గీతేమోనని అనుమానం. పాత ఉత్తరాలు అత్తయ్య దగ్గర కట్టకట్టి ఉన్నాయి. ఆదివారం వెళ్ళి తాతయ్య ‘గ’ ఎలా రాసేవారో చూసొస్తాను.