గోధుమ మానేశాక బాగానే ఉంది, మరి టెస్ట్ చేయించుకోవాలా వద్దా?

ప్రశ్న:

నమస్తే అండి అందరికీ. రెండేళ్ళుగా కడుపుతో బాధ పడుతున్నా. గోధుమతో చేసింది ఏది తిన్నా సరే, రొట్టె కానీ బ్రెడ్ కానీ బిస్కెట్లు కానీ, సాయంత్రానికి పొట్ట బిర్రుగా అయిపోతుంది, బెల్టు ఒక కన్నం వదులు చేసుకుంటే గానీ కూర్చోలేను, తెల్లారి రెండు మూడుసార్లు మోషన్స్, మధ్యాహ్నానికి కళ్ళు మూతలు పడేంత నీరసం. మూడు వారాల కింద తెలిసినవాళ్ళు చెప్తే గోధుమ పూర్తిగా మానేశా. పది రోజుల్లోనే పొట్ట తేలికైంది, ప్రాణం లేచొచ్చినట్టుంది.

ఇప్పుడు ఇంట్లో వాళ్ళు టెస్ట్ చేయించుకోమంటున్నారు. నాకేమో, పడట్లేదని తెలిసిపోయింది, మానేశా, తగ్గింది, ఇంక టెస్ట్ ఎందుకు అనిపిస్తోంది. పైగా టెస్ట్ కోసం మళ్ళీ గోధుమ తినాలంట కదా, అది తలుచుకుంటేనే భయంగా ఉంది. ఆన్‌లైన్‌లో వేలికి గుచ్చుకుని చుక్క రక్తం పంపిస్తే ఏవేవి పడవో పెద్ద లిస్ట్ ఇచ్చే కిట్ చూశా, దానికైతే మళ్ళీ తినక్కర్లేదేమో, అది చాలదా? అన్నట్టు మా అమ్మకి థైరాయిడ్ ఉంది, ఎన్ని ఐరన్ మాత్రలు వేసినా రక్తం పెరగదు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందో లేదో తెలీదు, గుర్తొచ్చింది కాబట్టి రాశా.

1వ రిప్లై:

మీ చివరి రెండు లైన్లు చూసి ఆగలేక రాస్తున్నానండి, దయచేసి టెస్ట్ చేయించుకోండి. నేను సరిగ్గా మీలాగే ఆలోచించి ఏడాది పాటు నా అంతట నేనే మానేశాను. తర్వాత వేరే పని మీద డాక్టర్ దగ్గరికెళ్తే, గోధుమ మానేసి ఎన్నాళ్ళయింది అని అడిగారు, ఏడాది అన్నాను, రాస్తున్న పెన్ను కింద పెట్టేశారు. "ఇప్పుడు టెస్ట్ చేస్తే నెగటివ్ వచ్చినా నమ్మలేం, మళ్ళీ తినాల్సిందే" అన్నారు. ఆయన అనుమానించింది సీలియాక్, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే ఒంటి రక్షణ వ్యవస్థే చిన్న పేగుని దెబ్బతీసే జబ్బు. అది ఉన్నవాళ్ళకి గ్లూటెన్ తింటున్నంత కాలమే రక్తంలో యాంటీబాడీలు ఎక్కువగా ఉంటాయి, పేగు దెబ్బతిని ఉంటుంది. మానేస్తే రెండూ మెల్లగా సర్దుకుంటాయి, అంటే పట్టుకోవాల్సిన గుర్తులు మనమే చెరిపేసుకున్నట్టు.

అలా ఆరు వారాలు రోజుకి రెండు పూటలా కొంచెం కొంచెం గోధుమ తిన్నా. మొదటి వారం నరకమే, దాచను. ఫోన్ పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఏం తిన్నా, ఎప్పుడు ఉబ్బరం మొదలైంది, ఎన్నిసార్లు వెళ్ళా అన్నీ రాసుకున్నా, రెండో వారం నుంచి కాస్త తట్టుకోగలిగా. బ్లడ్ టెస్ట్ పాజిటివ్, తర్వాత ఎండోస్కోపీ చేసి చిన్న పేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీశారు, సీలియాక్ అని తేలింది. ఎండోస్కోపీ నేను భయపడినంత లేదు, మత్తు ఇచ్చారు, లేచేసరికి అయిపోయింది.

అసలు చెప్పాల్సింది ఇది. నాకు తేలాక పిల్లలిద్దరికీ కూడా చేయించమన్నారు, ఎందుకంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, వీళ్ళలో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకి సుమారు పదిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంటుంది, మామూలు జనంలో అయితే అది నూటికి ఒకరు. మా చిన్నదానికి కడుపునొప్పి లేదు, మోషన్స్ లేవు, వయసుకి తగ్గ ఎత్తు లేదు, అంతే. దానికి పాజిటివ్ వచ్చింది. నేను నా నోరు కట్టుకుని ఊరుకుని ఉంటే అది ఎప్పటికి తెలిసేదో. మీ అమ్మగారి థైరాయిడ్, మాత్రలకి లొంగని రక్తహీనత, రెండూ సీలియాక్‌తో కలిసి తరచూ కనపడేవే. ఆవిడకి కూడా చేయించమని డాక్టర్‌ని అడగండి.

2వ రిప్లై:

ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి టెస్ట్ సంగతి చెప్తా. ముందు ఆ కిట్ జోలికి వెళ్ళకండి. అలాంటి చాలా కిట్లు చూసేది ఐజీజీ అనే యాంటీబాడీ, అది మనం రోజూ తినే దానికి మామూలుగానే తయారవుతుంది, ఆ ఆహారం మీకు అలవాటు అని చెప్తుందే గానీ పడదు అని కాదు. అలర్జీ స్పెషలిస్టుల సంఘాలు కూడా దీన్ని వాడొద్దనే చెప్తున్నాయి. అలాంటి రిపోర్ట్ పట్టుకుని పాలు, గుడ్లు, పప్పులు, ఒక్కొక్కటీ మానేసుకుంటూ చిక్కిపోయిన వాళ్ళని చూశా, మనసు పాడవుతుంది.

సీలియాక్‌కి మొదట చేసేది టీటీజీ ఐజీఏ అనే బ్లడ్ టెస్ట్. దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా రాయించుకోండి, ఇది మర్చిపోవద్దు. ఐజీఏ కూడా ఒక రకం యాంటీబాడీయే, కొందరికి పుట్టుకతోనే అది తక్కువ ఉంటుంది, సీలియాక్ వాళ్ళలో ఇలాంటివాళ్ళు ఇంకాస్త ఎక్కువ, అలాంటప్పుడు టీటీజీ ఐజీఏ నెగటివ్ వచ్చినా అర్థం ఉండదు, వేరే టెస్ట్ చేయాలి. మీరు మానేసి మూడు వారాలే కాబట్టి యాంటీబాడీలు ఒక్కసారిగా పోవు, కానీ మొదట్లోనే కొంచెమే ఉంటే నార్మల్‌కి దిగిపోయి ఉండొచ్చు. బ్రిటన్‌లో డాక్టర్లకి సూచనలిచ్చే నైస్ అనే సంస్థ గైడ్‌లైన్ అయితే టెస్ట్‌కి ముందు కనీసం ఆరు వారాలు, రోజూ ఒక పూట కంటే ఎక్కువ సార్లు గ్లూటెన్ తినమంటుంది.

తినడానికి అస్సలు ధైర్యం చాలకపోతే ఇంకో దారి ఉంది, హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జీన్ టెస్ట్. దానికి గోధుమ తింటున్నా మానేసినా తేడా లేదు. రెండూ లేవంటే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయంటే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదండోయ్, మామూలు జనంలోనే నూటికి 30 నుంచి 40 మందికి ఆ జీన్లు ఉంటాయి.

3వ రిప్లై:

నా అభిప్రాయం వేరు. నేను ఏ టెస్టూ చేయించుకోలేదు, ఐదేళ్ళుగా గోధుమ ముట్టను, హాయిగా ఉన్నా. ఒంటికి పడనిది మానేయడానికి కాగితం ఎందుకు?

మళ్ళీ 1వ రిప్లై రాసినవారు:

మీరు హాయిగా ఉన్నందుకు నిజంగా సంతోషం అండి. కాకపోతే పెళ్ళిలోనో ప్రయాణంలోనో ఎప్పుడైనా ఒక ముక్క తింటారా? సీలియాక్ కాకపోతే ఆ ముక్కతో ఒక సాయంత్రం ఇబ్బంది, అంతే. సీలియాక్ అయితే గ్లూటెన్ ఉండే బార్లీ, రై అనే ధాన్యాలు కూడా పనికిరావు, గోధుమ పిండి అంటిన గరిటె వేరే గిన్నెలో పెట్టడం కూడా కుదరదు, జీవితాంతం అంతే, ఎముకల బలం, ఐరన్, విటమిన్లు చూపించుకుంటూ ఉండాలి. ఎంత పథ్యం చేయాలో తెలియడానికే ఆ కాగితం.

4వ రిప్లై:

నాది మూడో రకం కథ. సీలియాక్ నెగటివ్, గోధుమ అలర్జీ కూడా నెగటివ్ (అలర్జీ అంటే తిన్న నిమిషాల్లోనో ఒకటి రెండు గంటల్లోనో దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం లాంటివి, అవి ఉంటే అస్సలు సొంతంగా తిని చూడకూడదు, నేరుగా డాక్టరే). అయినా గోధుమ తింటే ఉబ్బరం ఉంది. దీన్ని సీలియాక్ కాని గ్లూటెన్ సెన్సిటివిటీ అంటారంట, దీనికంటూ ఒక బ్లడ్ టెస్ట్ లేదు, మిగతావన్నీ కావని తేల్చాకే ఆ పేరు పెడతారు.

డైటీషియన్ చెప్పిన మాట నాకు కళ్ళు తెరిపించింది. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే కాదు, ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంటుంది, అది పేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తుంది. 2018లో నార్వేలో గ్లూటెన్ పడదని సొంతంగా మానేసిన 59 మందికి ఏది ఏదో చెప్పకుండా మూడు రకాల తినే బార్లు (చాక్లెట్ బార్‌లా ఉండేవి) ఇచ్చి చూస్తే, మొత్తం మీద ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్లు ఉన్న బారే, గ్లూటెన్ ఉన్నది కాదు. ఉల్లి, వెల్లుల్లిలో కూడా అవి ఉంటాయి. నేను గోధుమ మానేసి నాలుగు నెలలు రోజూ ఉల్లిపాయలు దండిగా తిన్నా, ఉబ్బరం పూర్తిగా పోకపోతే ఎక్కడో గోధుమ కలుస్తోందని డబ్బాల మీద అక్షరాలు చదువుతూ కూర్చున్నా. ఉల్లి తగ్గించాక వారంలో తేడా కనపడింది. ఇప్పుడు కొంచెం గోధుమ తింటున్నా, బాగానే ఉన్నా.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చేతులెత్తి దండం అండి. అమ్మకి ఫోన్ చేసి మాట్లాడా, ఆవిడకి మొదట చేయిద్దాం అనుకుంటున్నాం, ఆవిడ ఇప్పటికీ రోజూ రొట్టె తింటోంది కాబట్టి ఈ వారమే రక్తం ఇచ్చేయొచ్చు. నాకు డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారం. మళ్ళీ తినడం ఆయన్ని అడిగాకే మొదలుపెడతా, టోటల్ ఐజీఏ అని చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నా. నోట్‌బుక్ కూడా కొన్నా.