16 అడుగుల గదికి రెండో సబ్‌వూఫర్ దండగా?

నల్లగొండ శ్రోత: గది 16 బై 12, ఇటుక గోడలు, పైన స్లాబ్. సబ్ (బాస్ శబ్దం ఇచ్చే సబ్‌వూఫర్ స్పీకర్) టీవీ కింద ఉంది. గది మధ్యలో సోఫాలో 35 హెర్ట్జ్ దగ్గరి లోతైన బాస్ పలచగా వినిపిస్తుంది. వెనక గోడ దగ్గర దివాన్ మీద అమ్మ కూర్చుంటే చెవులు దిమ్మెక్కుతున్నాయంటుంది. సోఫా కోసం ఈక్యూలో (ఒక్కో హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పెంచే, తగ్గించే సెట్టింగ్) పెంచితే అక్కడ ఇంకా ఎక్కువవుతోంది.

పాలమూరు భాయ్: 16 అడుగుల పొడవుకు మొదటి రూమ్ మోడ్ (గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి పేరుకునే చోటు) 35 హెర్ట్జ్ దగ్గరే పడుతుంది. గోడల దగ్గర గట్టిగా ఉంటుంది, మధ్యలో ఉండదు. దివాన్ పక్కకు జరిపి, వెనక గోడ మధ్యలో రెండో సబ్ పెట్టండి. ముందుది కూడా గోడ మధ్యలోనే ఉండాలి. రెండింటి లెవెల్ (శబ్దం మోత), ఫేజ్ (శబ్ద తరంగాల టైమింగ్) ఒకటే అయితే ఆ మోడ్ లేవదు. ఆడియో కంపెనీ హర్మన్‌లో పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లోనే ఇది చూపించారు. ముందు రెండింటినీ కలిపి సరిచేసి, ఆ తర్వాతే ఈక్యూ చేయండి.

కొలతల మనిషి: అనవసరం. సోఫా కాస్త జరపండి, ఒక్క సబ్ చాలు. ఒక షాపువాళ్లు నాకు రెండు అంటగట్టి, రెండూ ముందు గోడకే పక్కపక్కన పెట్టి పోయారు. కుర్చీ నుంచి సబ్‌కు టేప్‌తో 9 అడుగులు కొలిస్తే, రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) ఆ దూరం 14 అని చూపించింది. అంతా మోసం.

మిర్యాల తమ్ముడు: అన్నా, ముందు మైక్ కొను. గదిలో శబ్దాన్ని కొలిచి గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఈడబ్ల్యూ ఉచితమే.

పాలమూరు భాయ్: పక్కపక్కన పెడితే శబ్దం పెరుగుతుంది, సీట్ల మధ్య తేడా అలాగే ఉంటుంది. ఇక ఆ 14 తప్పేం కాదు. సబ్ లోపలి ప్రాసెసింగ్ ఆలస్యాన్ని కూడా రిసీవర్ దూరంగానే లెక్కేస్తుంది.

కొలతల మనిషి: 9 అంటే 9. పైగా మీరు చెప్పినట్లు పెడితే 70 హెర్ట్జ్ దగ్గర రెండో మోడ్ ఇంకా లేస్తుంది. దాని సంగతి ఎందుకు చెప్పరు?

పాలమూరు భాయ్: లేస్తుంది. కానీ మధ్యలోనూ గోడ దగ్గరా రెండు చోట్లా లేస్తుంది కాబట్టి ఈక్యూతో ఒకేసారి దించొచ్చు. అసలు మీ గదిలో ఎంతమంది వింటారు?

కొలతల మనిషి: నేనొక్కణ్ణే. సంగీతం ఒక్క కుర్చీకే కచ్చితంగా కుదురుతుంది. అందరి కోసం సరిచేస్తే ఎవరికీ పూర్తిగా దక్కదు.

నల్లగొండ శ్రోత: సార్, మా అమ్మను లేచి పొమ్మనాలా? ఆమె పక్కన కూర్చుని పాటలు వినాలనే ఇదంతా పెట్టుకున్నాను.

కొలతల మనిషి: పొమ్మనలేదు. మీకు కావాల్సింది వేరు, నాకు కావాల్సింది వేరు. ఆ మాట మొదట్లోనే చెప్పాల్సింది.

నల్లగొండ శ్రోత: మా బావ సబ్ ఆదివారం తెస్తాను. సోఫా గ్రాఫ్, దివాన్ గ్రాఫ్ రెండూ ఇక్కడే పెడతాను. 70 దగ్గర ఏమైందో కూడా కనిపిస్తుంది.