అప్‌డేట్: కోల్వా బీచ్‌లో సూర్యాస్తమయం ఫొటోలు

నల్గొండ నుంచి గోవా వెళ్తున్నామని, కోల్వా బీచ్‌లో సూర్యాస్తమయం తీసేటప్పుడు ఆకాశం పాలిపోకుండా, అమ్మానాన్నల ముఖాలు నల్లబడకుండా ఏమి చేయాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

ముందు మా ఊరి దగ్గరి పానగల్లు ఉదయ సముద్రం చెరువు గట్టు మీద సాధన చేయమన్న మాట బంగారం. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) ఒక మెట్టు తగ్గించడం, వైట్ బ్యాలెన్స్‌ను (ఫొటోలో రంగుల ఛాయను సరిచేసే సెట్టింగ్) ఆటో నుంచి ‘క్లౌడీ’కి మార్చడం అక్కడే చేతికి అలవాటయ్యాయి.

కోల్వాలో అసలు రంగులు సూర్యుడు మునిగాకే విచ్చుకున్నాయి. అప్పటికే చాలామంది లేచి వెళ్లిపోయారు, పాపం! ఆటు సమయం కావడంతో తడి ఇసుక ఆకాశమంతటినీ అద్దంలా పట్టింది. కెమెరాను నేలకు దగ్గరగా దించి తీశాను. ఉష్ణమండలంలో సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిలువుగా దిగుతాడు కాబట్టి సంధ్య త్వరగా ముగుస్తుంది. ట్రైపాడ్ ముందే నిలబెట్టుకోండి.

ఫ్లాష్ అసలు వద్దన్నవారితో మాత్రం ఏకీభవించలేను. తక్కువ వెలుగుతో వేస్తే అమ్మ ముఖమూ, వెనుక నారింజ రంగూ రెండూ నిలిచాయి. నాన్నను నీడబొమ్మగానే తీశాను. గాలికి పంచె అంచు ఎగిరిన ఆ ఫొటోను పెద్దగా ప్రింట్ వేయిస్తున్నాం.

తూర్పు తీరంలో సముద్రం మీద సూర్యోదయమే కదా. బాపట్ల దగ్గర సూర్యలంకలో తెల్లవారుజామున తీసినవారుంటే చెప్పండి, తర్వాతి ప్రయాణం అక్కడికే.