పాత డర్ట్ బండిని షోరూమ్ పీస్‌లా మార్చాలా, మట్టి మరకలతోనే ఉంచాలా?

హెబ్బాళ్_యెజ్డీ

అందరికీ నమస్కారం. పంచాయితీ పెడుతున్నా, తీర్పు మీరే చెప్పండి.

హిందూపురం దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఒక 1979 యెజ్డీ 250 దొరికింది. మొదటి ఓనరు దాన్ని మట్టిలో రేసులు ఆడటానికి కోయించి కుట్టించుకున్నాడట. ఆయన ఇప్పుడు లేడు, వాళ్లబ్బాయి ఇచ్చాడు. హెడ్‌లైట్ బ్రాకెట్లు రంపంతో కోసేశారు. ముందు మడ్‌గార్డ్ జానెడు పైకి లేపారు. కింద ఉండాల్సిన రెండు సైలెన్సర్ల బదులు, చేత్తో రేకు చుట్టి వెల్డ్ చేసిన రెండు పైపులు ఇంజిన్ పక్క నుంచి పైకి పోతున్నాయి. హ్యాండిల్‌కి అడ్డంగా ఒక కమ్మీ. ట్యాంకు మీద పోటీ నంబరు పెయింట్ సగం ఊడిపోయి ఉంది. ఇంజిన్ జామ్ కాలేదు, కిక్ తిరుగుతోంది.

బెంగళూరు జేసీ రోడ్డులో నాకు తెలిసిన మెకానిక్ అన్న చూసి, "పాత పార్టులన్నీ తెప్పిస్తా, మెరూన్ రంగు, క్రోమ్, పిన్‌స్ట్రైప్స్‌తో కొత్త బండి చేసి ఇస్తా" అన్నాడు. ఖర్చు ఇంట్లో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మనసు మాత్రం అటే లాగుతోంది. చిన్నప్పుడు మా మామ బండి అలాగే ఉండేది. ఆఫీసులో ఒకాయన "రంగు ముట్టుకుంటే పాపం తగులుతుంది" అంటున్నాడు. మీరేమంటారు?

ఆర్‌సీ_బుక్కు

షోరూమ్ కండిషనే. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది?

ఒకటి, యెజ్డీ మైసూరు బండి. పార్టులు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. అన్నీ దొరుకుతుంటే కోసిన బండిని కోసినట్టే ఉంచుకోవడం బద్ధకం. రెండు, చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మూడు, 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల రూల్స్ ఇచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌కీ ఇంజిన్‌కీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండే వింటేజ్. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, వీఏ సిరీస్ నంబరు. మీ బండికి 2029లో ఆ అర్హత వస్తుంది. రంపంతో కోసిన బండిని అప్పుడు ఏ ముఖంతో తీసుకెళ్తారు?

ఇంకో మాట. ఆంధ్రా నంబరు బండి బెంగళూరులో ఏడాది దాటి ఉంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ నంబరు మార్చుకోవాలి. హెడ్‌లైట్ లేని బండిని ఏ ఇన్‌స్పెక్టరూ పాస్ చేయడు.

మట్టిదారి_కోలార్

ఆర్‌సీ_బుక్కు గారూ, చట్టం సంగతి తర్వాత. ముందు "అసలు రూపం" అంటే ఏమిటో తేల్చుకుందాం.

రోడ్డు బండికి అసలు రూపం ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుది. ఒప్పుకుంటా. రేసు బండికి అలా కాదు. అది ఎందుకు చరిత్రలోకి ఎక్కిందో, ఆ పని చేసిన రోజు ఎలా ఉందో అదే దాని రూపం. యూరప్‌లో మోటోక్రాస్, అంటే మట్టి ట్రాకు రేసులు, వెలిగిపోతున్న రోజుల్లో జోయెల్ రోబెర్ 1964లో సీజెడ్ మీద 250 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టాడు. తర్వాత 1968, 69లో మళ్లీ అదే కంపెనీ బండి మీద. సీజెడ్, జావా ఒకే చెక్ కుటుంబం. ఆ జావా లైసెన్సుతోనే 1961లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ మొదలైంది, 1973 నుంచి పేరు యెజ్డీ. అక్కడి కుర్రాళ్లకి షాపులోనే మోటోక్రాస్ బండి దొరికేది. మన వాళ్లకి? 1968లో యమహా డీటీ-1 వచ్చి ప్రపంచమంతా ట్రయల్ బైకుల పిచ్చి పుట్టించింది. మన దగ్గర దిగుమతికి గేట్లు మూసి ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచే మట్టికీ రోడ్డుకీ అని వచ్చిన బండి అంటే నాకు 2011లో హీరో ఇంపల్సే గుర్తొస్తుంది. ఈ మధ్యలో మన వాళ్లు ఏం చేశారు? రోడ్డు బండి కొని కోసుకున్నారు. రాజ్‌దూత్‌ని కోశారు, యెజ్డీని కోశారు, తర్వాత ఆర్‌ఎక్స్‌ 100ని కోశారు. మన దేశపు ఆఫ్‌రోడ్ చరిత్రంటే ఈ రంపపు గాట్లే. మ్యూజియంలో పెట్టడానికి మనకి వేరే ఏమీ లేదు.

షోరూమ్ కండిషన్ యెజ్డీలు కావాలంటే జూలై రెండో ఆదివారం జావా డే రోజు రోడ్డు పక్కన నిలబడండి, కళ్లు జిగేల్మనేన్ని వస్తాయి. ఆ కాలంలో మట్టిలో పరిగెత్తి, తర్వాత ఎవరూ "బాగు చేయని" యెజ్డీ ఎక్కడుంది? మీ పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఉంది.

ఇంకా ఆ పైపులు! టూ-స్ట్రోక్ బండికి సైలెన్సర్ అంటే పొగ గొట్టం మాత్రమే కాదు. ఇంజిన్ నుంచి వెళ్లిన ఒత్తిడి అల పైపు వెడల్పయ్యే చోట ఒకలా, ఇరుకయ్యే చోట ఇంకోలా వెనక్కి కొడుతుంది. మొదటిది సిలిండర్ నుంచి కాలిన గ్యాసుని లాగుతుంది, రెండోది బయటికి జారిపోతున్న కొత్త పెట్రోల్-గాలి మిశ్రమాన్ని లోపలికి తోస్తుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950లలో దీన్ని సాధించాడు. 1961లో ఆ టీమ్ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటి పారిపోయి ఆ విద్యని సుజుకీకి చేర్చాడు. అలాంటి విద్యని ఎవరో హిందూపురంలోనో బెంగళూరులోనో కోన్లు కోన్లుగా రేకు కోసి, చుట్టి, గ్యాస్ వెల్డింగ్ పెట్టి ప్రయత్నించారు. సరిగ్గా కుదిరిందో లేదో వేరే విషయం. అది పీకేసి క్రోమ్ సైలెన్సర్ పెడితే మీకు మిగిలేది మీ మామ బండి. ఆ మొదటి ఓనరు బండి పోతుంది.

జీపీరోడ్_బుల్లెట్

చెన్నై నుంచి చిన్న మాట. ఇక్కడ జీపీ రోడ్డులోనూ పుదుపేటలోనూ బుల్లెట్ పార్టులు వెతుక్కునే వాళ్లందరూ ఒకటే పాట పాడతారు: బుల్లెట్ అంటే రాజసం, హుందా. అసలు స్వింగ్ఆర్మ్ బుల్లెట్ జనానికి మొదట కనిపించిందే 1948లో ట్రయల్స్ పోటీలో, రాళ్ల మీద. జానీ బ్రిటన్ 1952లోనూ 1957లోనూ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచింది బుల్లెట్ మీదే. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక మనం దాన్ని పోలీసులకీ ప్రెసిడెంట్లకీ అప్పగించి ఆ సంగతే మర్చిపోయాం. ఇప్పుడు ఎవరైనా బుల్లెట్‌కి మట్టికి పనికొచ్చే బటన్ టైర్లు వేస్తే "పాడు చేశాడు" అంటారు.

మట్టిదారి అన్నకే నా ఓటు.

ఎక్స్‌పల్స్_కుర్రోడు

పెద్దలంతా క్షమించాలి. ఇదంతా వినడానికి బాగుంది, కానీ ఆ బండి మట్టిలో నడపగలరా? నా ఎక్స్‌పల్స్ 200కి ముందు 190 ఎం.ఎం., వెనక 170 ఎం.ఎం. సస్పెన్షన్ ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే దూరం. ఈ యెజ్డీతో ఒక గుంతలో దూకితే మరుసటి రోజు ఫిజియోథెరపీ. నాస్టాల్జియా అంటే డబ్బున్న వాళ్లు రేట్లు పెంచుకునే ఆటలాగే ఉంది నాకు. పదేళ్ల కింద ఇనుప సామాను కింద పోయే బండిని ఇప్పుడు "బ్రో, పేటినా" (పాతబడిన రంగు అందం) అని చెప్పి అమ్ముతున్నారు.

మట్టిదారి_కోలార్

రేట్ల సంగతిలో నువ్వన్నది నిజమే తమ్ముడూ. సస్పెన్షన్ సంగతిలో కాదు. 1973లో యమహా వెనక ఒకే షాక్ ఉండే మోనోషాక్ తెచ్చేదాకా ప్రపంచ చాంపియన్లంతా ఈ యెజ్డీకి ఉన్నట్టు వెనక రెండు షాక్‌ల మీదే గెలిచారు. బ్రిటన్‌లో ఇప్పటికీ పాత బళ్లకి పోటీలు పెడతారు. ప్రీ-65, ట్విన్‌షాక్, ఈవో అని కాలాన్ని బట్టి క్లాసులు విడగొడతారు, ఎవరి ఈడు వాళ్లతో. మన బెంగళూరు సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడు. అలాంటి వాళ్లని చూసి మా కోలార్ వైపు మట్టి ట్రాకులకి కుర్రాళ్లు కొత్త బళ్లతో వస్తున్నారు, సంతోషం. వాళ్లకి ముందు తరం ఏ బండి మీద పళ్లు రాలగొట్టుకుందో కూడా కళ్లతో చూడాలి కదా.

లేత్‌మిషన్_పీణ్య

చదువుతున్నా. ఇద్దరూ రంగు గురించి కొట్టుకుంటున్నారు, ఫ్రేము గురించి ఒక్కరూ అడగలేదు.

నాయనా హెబ్బాళ్, నువ్వు మెరూన్ వేస్తావో మట్టి ఉంచుతావో నీ ఇష్టం. ముందు ఇంజిన్ దింపి ఫ్రేము ఒట్టిది చెయ్యి. ముందు ఫోర్క్ తిరిగే హెడ్ ట్యూబ్ దగ్గర, వెనక స్వింగ్ఆర్మ్ పిన్ దగ్గర, ఎక్కడెక్కడ వెల్డ్ పడిందో అక్కడ డై పెనెట్రెంట్ టెస్ట్ చేయించు. ఎర్ర ద్రవం పూసి, ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్ర గీత బయటపడుతుంది. ఖరీదైన పనేం కాదు, పీణ్యలో చేసేవాళ్లున్నారు. దూకిన బండికి పగులు లేకపోతేనే ఆశ్చర్యం. ముందే పౌడర్ కోటింగ్ చేయిస్తే ఆ పగులు మందపాటి రంగు కింద నిద్రపోతుంది, బయటపడే రోజు నువ్వు బండి మీద ఉంటావు.

ఇసుక కొట్టి శుభ్రం చేసే శాండ్ బ్లాస్టింగ్‌కి క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) అస్సలు ఇవ్వకు. ఇసుక ఆయిల్ దారుల్లో, బేరింగ్ సీట్లలో ఇరుక్కుంటుంది, ఎంత కడిగినా ఎక్కడో మిగులుతుంది. స్పోకులూ యాక్సిలూ తళతళలాడాలని కనపడిన ప్లేటింగ్ షాపులో పడెయ్యకు. యాసిడ్ తొట్టెలో హైడ్రోజన్ ఉక్కులోకి చేరితే, ఆ తర్వాత సరిగ్గా వేడి చేసి బయటికి పంపకపోతే, గట్టి ఉక్కు పెళుసవుతుంది. ఇంటి ముందు నిలబెట్టే బండికి పర్లేదు. దూకే బండికి ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంజిన్ తిరుగుతోంది అన్నావు కదా, తిరుగుతోందని స్టార్ట్ చేయకు. క్రాంకు రెండు పక్కలా ఆయిల్ సీళ్లు ఇన్నేళ్లకి రాయి అయిపోయి ఉంటాయి. అవి గాలి లాగితే మిక్చర్ పల్చబడి పిస్టన్ పట్టేస్తుంది.

హెబ్బాళ్_యెజ్డీ

లేత్‌మిషన్ గారూ, మీకు దండం. ఫ్రేము ఒట్టిది చేస్తున్నా. ఒక డౌట్. ఇప్పుడు బంకుల్లో అంతా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఈ బండిలో ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోయాలి కదా, టెన్షన్ ఉందా?

లేత్‌మిషన్_పీణ్య

రోజూ నడిపే బండికి పెద్దగా లేదు. నెలల తరబడి మూలన పెట్టే బండికి ఉంది. ఇథనాల్ గాలిలో తేమని పీలుస్తుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. నువ్వు పోసిన టూ-టీ ఆయిల్ పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. పెట్రోల్ కాక్ లాగేది అడుగు నుంచే. అంటే ఆ కాసేపు ఇంజిన్ ఆయిల్ లేకుండా తిరుగుతుంది. మిగతాది చెప్పక్కర్లేదు. నిలబెట్టే ముందు ట్యాంకూ కార్బురేటర్ ఫ్లోట్ చాంబరూ ఖాళీ చెయ్యి. రబ్బరు పైపులు, ఫ్లోట్ నీడిల్ కొస ఇథనాల్ తట్టుకునేవి వేయించు. ఇక్కడ ఒరిజినాలిటీ గురించి ఎవరైనా మాట్లాడితే వాళ్ల చేతే పిస్టన్ కొనిపించు.

ఆర్‌సీ_బుక్కు

సాంకేతిక విషయాలకి థాంక్స్. నా ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. హెడ్‌లైట్ లేకుండా ఆర్‌సీ రెన్యువల్ ఎలా? 2025 నుంచి 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కి ఆ ఫీజే 2,000 రూపాయలు. మీ చరిత్ర అంతా షెడ్డులో కూర్చుంటుంది.

మట్టిదారి_కోలార్

జవాబు ఉంది. కోసిన బ్రాకెట్లు తిరిగి వెల్డ్ చేయొద్దు. ఫోర్క్‌కి బిగించే క్లాంపులతో హెడ్‌లైట్ డూమ్ పెట్టండి, టెయిల్ ల్యాంపూ నంబరు ప్లేటూ అలాగే. ఇన్‌స్పెక్షన్ నాడూ రోడ్డు మీదా అవి ఉంటాయి, ట్రాకులో పది నిమిషాల్లో విప్పేస్తారు. ఆ పైపుల శబ్దానికి ఇన్‌స్పెక్టరు ఒప్పుకోకపోతే ఫ్యాక్టరీ సైలెన్సర్లు ఇంకో జత కొని బిగించుకోండి, చేత్తో చేసినవి జాగ్రత్తగా గోడకి తగిలించండి. సిలిండర్ పోర్టుల (గ్యాసు వచ్చిపోయే రంధ్రాల) దగ్గర ఆకురాయి మాత్రం పట్టొద్దు. రేపు ఏదైనా వెనక్కి మార్చుకోగలిగేలా చేయడమే మన హద్దు.

మీరు చెప్పిన 2021 రూల్స్ నేనూ చదివాను. వింటేజ్ కింద నమోదైన బండిని రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేరు వరకే. ముందే రిజిస్టరై ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు కూడా. కాబట్టి నడుపుకోవాలనుకునే మనిషికి 2029 గురించి ఇప్పుడే బెంగ అక్కర్లేదు.

హెబ్బాళ్_యెజ్డీ

టెస్ట్ అయింది. హెడ్ ట్యూబ్ కింద ఒక ఎర్ర గీత వచ్చింది, వేలి గోరంత. గస్సెట్ (బలానికి వేసే రేకు ముక్క) వేసి మళ్లీ వెల్డ్ చేస్తారు, ఆ చోట రంగు పోతుంది, తప్పదు. ట్యాంకుకి లోపల తుప్పు తీయించి పైన నంబరు అలాగే వదిలేస్తున్నా. పైపులు ఉంటాయి. జేసీ రోడ్డు అన్న మాత్రం "ఇంత ఖర్చు పెట్టి పాత బండిలాగే ఉంచుకుంటావా" అని నవ్వుతున్నాడు.

మెరూన్ మీద మనసు చావలేదు. మా మామ బండి ఎవరికి అమ్మాడో కనుక్కుంటున్నా.

ఆర్‌సీ_బుక్కు

అంటే రెండు బళ్లు. ఇంట్లో చెప్పారా?

లేత్‌మిషన్_పీణ్య

గస్సెట్ వేసే ముందు పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రం వేయించు, లేకపోతే వెల్డ్ కింద అది పాకుతూనే ఉంటుంది.