చెస్టర్‌ఫీల్డ్ చర్చి శిఖరం ఎందుకు మెలి తిరిగింది?

బ్రాడీపేట తాతయ్య (గుంటూరు):
అందరికీ నమస్కారం. మొన్న వేసవిలో అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లాం. లండన్ నుంచి షెఫీల్డ్ రైల్లో పోతుంటే చెస్టర్‌ఫీల్డ్ స్టేషన్ దగ్గర కిటికీలోంచి ఒక చర్చి కనబడింది. దాని శిఖరం తడిబట్టను పిండి నిలబెట్టినట్టు మెలి తిరిగి, పైగా ఒక పక్కకి ఒరిగి ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశా. అదే వంకర! "దెయ్యం తన్నింది మామయ్యగారూ" అని మా అల్లుడు నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు పట్టుబట్టి వెళ్లి చూశా. సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ దాని పేరు. కింద రాతి టవర్ బుద్ధిగానే నిలబడింది, వంకరంతా పైదానిదే. నేల నుంచి కొన దాకా 228 అడుగులు. కొన 9 అడుగులకు పైగా పక్కకి జరిగింది, 45 డిగ్రీలు మెలి తిరిగింది. 1362 ప్రాంతంలో కట్టారట. మా ఇంట్లో గుమ్మం అర అంగుళం వంగితేనే తలుపు పడటం లేదు. ఇది అసలెందుకు తిరిగింది, తిరిగి కూడా ఇన్నాళ్లు ఎలా నిలబడింది?

పటమట వడ్రంగి (విజయవాడ):
తాతయ్యగారూ, నేను ముప్పై ఏళ్లుగా కర్రపనిలో ఉన్నా. ఆ శిఖరం రాయి కాదండీ. లోపల ఓక్ కర్ర చట్రం, పైన సుమారు 33 టన్నుల సీసం రేకులు.

పచ్చి కర్ర వాడారు, అందుకే తిరిగింది అని అందరూ తేల్చేస్తారు. నాకది సగం మాటే అనిపిస్తుంది. ఆ రోజుల్లో అక్కడ పచ్చి ఓక్‌తో కట్టడం మామూలే. ఆరిన ఓక్‌కి ఉలి దిగడం కష్టం. మరి పచ్చి కర్రతో కట్టినవన్నీ ఇలా తిరగలేదేం? పెళ్లి పందిరి చూడండి. నాలుగు గుంజలు పాతి, పైన అడ్డకర్రలు కట్టి వదిలేస్తే గాలికి మొత్తం ఒక పక్కకి నడుస్తుంది. మూలకో ఏటవాలు కర్ర కట్టండి, ఇక కదలదు. ఆ శిఖరంలో అలాంటి కర్రలు చాలినన్ని పెట్టలేదు. నెత్తిన అంత బరువుంటే కర్ర దారి దొరికిన వైపు తిరుగుతుంది.

ఎండ కూడా ఉంది. మన బెజవాడలో వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అక్కడ మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణం పక్కనే. ఆ పక్క సీసం ఎక్కువ వేడెక్కి సాగుతుంది. రేకుల షెడ్డు ఎండకి టపటపమనడం వినే ఉంటారుగా. రేకు మళ్లీ సర్దుకుంటుంది, సీసం మెత్తనిది, పూర్తిగా వెనక్కి రాదు.

1348-49లో ప్లేగు వచ్చి ఇంగ్లండ్‌లో మూడో వంతుకు పైగా జనం పోయారు. పనితెలిసిన మేస్త్రీలు పోయి, మిగిలినవాళ్లు కట్టారని ఒక వాదన. రుజువు లేదు గానీ నాకు నమ్మబుద్ధవుతుంది. మా నాన్న పోయాక నేనొక్కణ్ణే చేసిన మొదటి ద్వారబంధం ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

మీ గుమ్మం సంగతేంటి? ఏ కర్ర?

గుణదల అమ్మాయి (ఇప్పుడు షెఫీల్డ్):
మీ అల్లుడుగారు చెప్పింది ఇక్కడి కథే తాతయ్యగారూ. దగ్గర్లోని బోల్సోవర్ ఊళ్లో ఒక కమ్మరి దెయ్యానికి నాడాలు కొడుతూ మేకు కాస్త లోపలికి దించాడట. అది నొప్పికి ఎగిరి పోతూ శిఖరాన్ని తన్నిందట. ఇంకో కథలో పెళ్లికూతుర్ని చూడ్డానికి శిఖరమే వంగిందంటారు. అది ఆడవాళ్ల మీద వేసిన జోకు, పూర్తిగా చెప్పను.

ఇంకో సంగతి. సీసం పలకల్ని చేపముల్లు వరసలో పరిచారు. ఉన్నవి ఎనిమిది ముఖాలే, కానీ ఆ గీతల వల్ల ఇంకా ఎక్కువ ఉన్నట్టు, మెలిక ఇంకా బిగిసినట్టు కనిపిస్తుంది. నేను కింద నిలబడి లెక్కపెడుతూ రెండుసార్లు తప్పాను. 1961 డిసెంబరులో చర్చి లోపల మంటలు లేచి పాత ఆర్గాన్ వాద్యం కాలిపోయింది, శిఖరం మాత్రం దక్కింది. చెస్టర్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ టీంని కూడా స్పైరైట్స్ అనే పిలుస్తారు, స్పైర్ అంటే శిఖరం కదా.

బ్రాడీపేట తాతయ్య (గుంటూరు):
ఇద్దరికీ చాలా థాంక్స్. పటమట బాబూ, మాది వేపకర్ర. బాగా ఆరిందే అని డిపోవాడు ఒట్టేసి మరీ ఇచ్చాడు. చేవ కూడా చూసుకోలేదు, నాదే తప్పు. మీ జవాబు చదివి, నిన్న మా వడ్రంగిని పిలిపించి ఫోన్లో ఈ శిఖరం ఫోటో చూపించా. ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆరొందల ఏళ్లయినా వాళ్లెవరూ మేస్త్రీని తిట్టలేదు చూశారా సార్" అన్నాడు. తలుపు మాత్రం ఆదివారం వచ్చి చిత్రిక పడతానని చెప్పి వెళ్లాడు.