గండికోట దగ్గర విల్లాకు లోపలి పని: పాలరాయి పరచాలా, నాపరాయి పరచాలా?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి)

జమ్మలమడుగు నుంచి గండికోటకు వెళ్ళే దారిలో మాకున్న స్థలంలో, సెలవులకు వచ్చే కుటుంబాలకు అద్దెకిచ్చే ఉద్దేశంతో నాలుగు పడకగదుల విల్లా కడుతున్నాము. స్లాబు పడింది, ఇక లోపలి పని మొదలుపెట్టాలి. డిజైనర్ గారు హాలంతా ఇటాలియన్ పాలరాయి, జిప్సం సీలింగు, ఎర్రమల కొండలు కనిపించేలా పడమటి వైపు నేల నుంచి కప్పు దాకా గాజు గోడ, స్నానాల గదుల్లో గాజు తలుపులు, నల్లని కుళాయిలు సూచించారు. కాగితం మీద చాలా అందంగా ఉంది. అయితే మా నాన్నగారు చూసి, "ఇల్లు బాగుంది గాని, ఇది మన సీమ ఇల్లని ఎవరైనా గుర్తుపడతారా?" అని అడిగినప్పటి నుంచి నాకు మనసు కుదరడం లేదు. నాపరాయి పరిస్తే, ఎక్కువ అద్దె ఇచ్చి వచ్చేవారు ఇదేం విలాసమంటారేమోనన్న సందేహమూ ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (జమ్మలమడుగు, ఇళ్ళ నిర్మాణంలో ఉన్నాను)

ముందు ఆ గాజు గోడ సంగతి తేల్చుకోండి. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దు వాలేకొద్దీ ఏటవాలుగా వచ్చే పడమటి ఎండను ఎంత మంచి గాజైనా పూర్తిగా ఆపలేదు, ఏసీలు సాయంత్రమంతా తిరిగినా హాలు చల్లబడదు. కొండలు కనిపించాలంటే ముందు లోతైన వసారా వేసి, దాని వెనుక వెడల్పాటి కిటికీలు పెట్టించండి.

నేలకు నేనైతే నాపరాయే పరుస్తాను. నల్లని కడప రాయిని నున్నగా పాలిష్ పట్టించి, సందులు సన్నగా వచ్చేలా అంచులు మిషను మీద కోయిస్తే, పాత ఇంటి బండపరుపులా ఏమాత్రం ఉండదు. వెలుతురు కావాల్సిన గదుల్లో లేత రంగు బేతంచెర్ల బండలు కలపండి. కానీ ఒక జాగ్రత్త: ఇది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి అలాగే ఉండిపోతే తెల్లమచ్చ పడుతుంది, యాసిడ్‌తో కడిగితే మెరుగు పోతుంది. అందువల్ల పరిచాక సీలర్ (మరకలు రాయిలోకి ఇంకకుండా ఆపే పూత) పూయించండి, వంటగది గట్టుకు మాత్రం గ్రానైట్ వేయండి. వసారాలోనూ నల్లరాయి వద్దు, ఎండకు కాలు పెట్టలేరు.

జవాబు 2 (అనంతపురం)

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, కప్పు గురించి ఒక్క మాట కలుపుతాను. మన పాత మిద్దెల్లో దూలాల మీద దంతెలు (సన్నని అడ్డకర్రలు) పేర్చి, ఆపైన మందంగా మట్టి, చౌడు మన్ను వేసేవారు. ఆ మందమే లోపలిని చల్లగా ఉంచేది. నేటి స్లాబు మీద అంత బరువు వేయలేము కాబట్టి పైన ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ టైల్స్ పరిపించండి. జిప్సం పడకగదులకు చాలు. హాల్లో మాత్రం, పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలను చెద లేకుండా చూసి కొని బిగించండి.

దీపాల విషయంలో నాకు ఎంతో ఇష్టమైన సలహా ఒకటుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుతో దీపాలూ చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు పలచగా ఉండి వెలుగును లోపలి నుంచి ఒలికిస్తుంది, రంగులు గోడ మీద పరుచుకుంటాయి. వేడికి తోలు ముడుచుకుంటుంది కాబట్టి లోపల ఎల్‌ఈడీ బల్బే ఉండాలి. హాలుకు ఒకే పెద్ద దీపం చాలు. ప్రతి మూలా పెడితే దాని విలువ తగ్గిపోతుంది.

జవాబు 3 (కడప, అతిథి గృహం నడుపుతున్నాను)

అందరూ రాళ్ళ గురించే రాశారు గాని, రోజూ శుభ్రం చేసేవారి వైపు నుంచి కూడా చూడండి. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. గాజు తలుపుల మీద, నల్లని కుళాయిల మీద నెలలోపే తెల్లని చారలు కట్టాయి. పనివారు తెలియక యాసిడ్ వాడితే పక్కనున్న రాయీ పాడైంది. చివరికి గాజు తీసేసి నడుము ఎత్తు గోడ కట్టించాము. మీ బోరు నీటిని పరీక్ష చేయించి, అవసరమైతే సాఫ్టెనర్ (నీటిలోని సున్నాన్ని తగ్గించే పరికరం) పెట్టించాకే కుళాయిలు ఎంచుకోండి. పరుపుల మీదకు ఎమ్మిగనూరు నూలు దుప్పట్లు తెప్పించండి, ఎన్ని ఉతుకులకైనా నిలుస్తాయి. ధర్మవరం పట్టు అంచులు గోడకు ఫ్రేము కట్టించడానికే ఉంచండి, దిండ్లకు వద్దు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. గాజు గోడ మానుకుని వసారా వేయడానికి నిర్ణయించాము, నీటి పరీక్షకు రేపే నమూనా పంపుతున్నాను. జమ్మలమడుగు వారిని ఒక్క విషయం అడగాలి: నాపరాయిని పరవకముందే పాలిష్ పట్టించి తేవడం మేలా, పరిచాక పట్టించడం మేలా?

జవాబు 1

పరిచాకే పట్టించండి. బండకూ బండకూ మధ్య ఉండే ఎగుడుదిగుడు అప్పుడే పూర్తిగా పోతుంది. అయితే గోడల రంగు, చెక్కపని మొదలుపెట్టకముందే ఆ పని ముగించండి, లేకపోతే పాలిష్ నీళ్ళు చిమ్మి అవన్నీ చెడిపోతాయి.