దాచిపెట్టిన పాప బట్టలకు పసుపు మరకలు, బ్లీచ్ పెడితే ఇంకా ముదిరాయి

రెండో కాన్పు (కాకినాడ):
నాకిప్పుడు ఎనిమిదో నెల. పెద్దదానికి నాలుగేళ్లు. దాని చిన్నప్పటి బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ కూడా చేసి, ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, నాలుగు కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో సర్ది అటకెక్కించాను. మొన్న మా ఆయన చేత దింపించి మూత తీస్తే ఏడుపొచ్చింది. పెట్టేటప్పుడు మల్లెపూవుల్లా ఉన్న జుబ్బాలకి మెడ చుట్టూ, ఛాతీ మీద పసుపుపచ్చని మరకలు, టీ ఒలికి ఆరినట్టు అంచులు మాత్రం ముదురుగా. లోపల పెట్టేముందు ఒక్క మరక లేదు, ఒట్టు! మా అత్తగారేమో పురిటిబిడ్డకి కొత్త బట్టలు తొడగకూడదు, వాడినవే తొడగాలి అంటారు, అందుకే అన్నీ దాచింది.

నిన్న రెండు బ్లీచ్ నీళ్లలో నానబెట్టాను. ఒకటి కాస్త తేలింది. రెండోది, నడుముకి ఎలాస్టిక్ ఉన్న లాగు, ముందుకంటే పచ్చగా అయింది. ఇంకా బారసాల నాడు తొడిగిన తెల్ల మల్లు జుబ్బా, మా అమ్మ అల్లిన ఊలు స్వెట్టరు, పొత్తిగుడ్డలు చాలా ఉన్నాయి. వాటిని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది. మాది బోరు నీళ్లు. ఏం చెయ్యమంటారు?

లాండ్రీ వాళ్ల అబ్బాయి (విజయవాడ):
అక్కా, ముందు ఆ బ్లీచ్ పక్కన పెట్టెయ్యండి. మా కొట్టుకి నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే పట్టుకొస్తారు, అందరూ అనేది ఒకటే, "పెట్టేటప్పుడు తెల్లగానే ఉన్నాయి" అని. తెల్లగా ఉన్నాయి నిజమే, శుభ్రంగా లేవు. పాప కక్కిన పాలు, ఒంటికి రాసిన నూనె గుడ్డలో కొంచెం మిగిలిపోతాయి, అప్పుడు కంటికి కనబడవు. వంటింట్లో నూనె డబ్బా మూత చుట్టూ కొన్నాళ్లకి పచ్చగా జిగురు కడుతుంది చూశారా, అదే పని గుడ్డలో నెలల తరబడి జరుగుతుంది. గాలి తగిలి ఆ కొవ్వు పచ్చబడుతుంది. పైగా మీరు ఇస్త్రీ చేశారు, ఆ వేడికి పాల మరక ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

మామూలు బ్లీచ్ క్లోరిన్‌ది, ఈ రకం మరకకి అది పనిచెయ్యదు, ఒక్కోసారి ఇంకా పచ్చగా చేస్తుంది, ఎలాస్టిక్‌ని అయితే పాడే చేస్తుంది. మీ లాగుకి జరిగింది అదే. బోరు నీళ్లలో ఇనుము ఉంటే బ్లీచ్ తగిలి తుప్పు రంగు కూడా తేలుతుంది.

మీకు కావలసింది ఆక్సిజన్ బ్లీచ్. ప్యాకెట్ వెనక సోడియం పెర్‌కార్బొనేట్ అని ఉంటుంది, వానిష్ లాంటి పొడులు ఆ జాతివే. చేసేది ఇలా: ముందు బట్టల్ని చల్లటి నీళ్లలో ఎంజైములున్న డిటర్జెంట్ వేసి ఒక రాత్రి ఉంచి జాడించండి. పాలలోని ప్రొటీన్‌ని ఎంజైము కొరుకుతుంది. తర్వాత బకెట్‌లో చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు, అందులో పొడి (ఎంతో ప్యాకెట్ మీదే ఉంటుంది) పూర్తిగా కలిసేదాకా తిప్పి, అప్పుడు గుడ్డలు ముంచండి. నీళ్లు చల్లగా ఉంటే ఆ పొడి సరిగ్గా పనిచెయ్యదు, అక్కడే చాలామంది "పనిచెయ్యలేదు" అంటారు. ఆరేడు గంటలు వదిలెయ్యండి. నీళ్లలో బలం అయిపోతుంది కాబట్టి సరిపోకపోతే కొత్తగా కలిపి మళ్లీ ముంచాలి, పాత నీళ్లలో ఇంకో రోజు ఉంచితే లాభం లేదు. మూత బిగించిన డబ్బాలో మాత్రం కలపకండి, గ్యాస్ వచ్చి ఉబ్బుతుంది.

ఊలు స్వెట్టరు, పట్టు ఏదైనా ఉంటే అది కూడా, ఈ పొడికీ ఎంజైముకీ రెండింటికీ దూరం. ఊలు కూడా ప్రొటీనే కదా, ఎంజైముకి తేడా తెలియదు.

పెద్దమ్మ (తెనాలి):
ఆ అబ్బాయి చెప్పింది బాగానే ఉంది గానీ పొడులూ గిడులూ లేని రోజుల్లో మేం ఆరుగురు పిల్లల్ని పెంచాం తల్లీ. పొత్తిగుడ్డలు సబ్బు పెట్టి పిండకుండానే తడిగా ఎండలో పరిచేవాళ్లం, ఆరిపోతుంటే మళ్లీ నీళ్లు చల్లేవాళ్లం. సాయంత్రానికి మరక పలచబడేది. నలుగు పెట్టిన పసుపు మరకైతే సబ్బు తగలగానే ఎర్రబడి గుండె ఆగినంత పనవుతుంది, కంగారు పడొద్దు, ఎండలో అదే పోతుంది. ఎండకి పోయేది పసుపు, పాల మరక ఎండ ఒక్కదానికే పోదు, అది మాత్రం ఒప్పుకుంటా.

స్వెట్టరుకి కుంకుడురసం. కాయలు గింజ తీసి, రాత్రి నానబెట్టి, నురగ వచ్చేలా పిసికి వడకట్టి, గోరువెచ్చని నీళ్లలో కలిపి ముంచి తీయడమే. పిండొద్దు, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టు, తాడు మీద వేలాడదీస్తే చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. మీ అమ్మ అల్లింది కదా, కాస్త పచ్చగా ఉన్నా పరవాలేదులే.

పిల్లల వార్డు నర్సు:
మరకల సంగతి వాళ్లు చెప్పారు. నేను కలరా ఉండల గురించి రాద్దామని వచ్చాను, ఎవరూ పట్టించుకోలేదు. దయచేసి ఆ ట్రంకు పెట్టెలోంచి తీసినవి తీసినట్టు బిడ్డకి తొడగకండి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకి (మగపిల్లల్లో ఎక్కువ చూస్తాం) కలరా ఉండల ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. నూనె రాసిన ఒంటికి ఇంకా తొందరగా ఎక్కుతుంది, మన ఇళ్లలో స్నానానికి ముందు నూనె రుద్దనిది ఎవరు? బిడ్డకి ఆ లోపం ఉందో లేదో పుట్టగానే చూసి చెప్పలేం కదా. రెండు మూడుసార్లు ఉతికి రోజుల తరబడి గాలికీ ఎండకీ ఆరేయండి, ముక్కు దగ్గర పెడితే వాసన ఉన్న గుడ్డ ఏదైనా వాడొద్దు. బిడ్డ పుట్టాక కళ్లు, ఒళ్లు పచ్చబడితే ఎండలో పడుకోబెట్టి ఊరుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించండి.

డల్లాస్ నుంచి:
నేను బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి రాసి వదిలేశాను, నాకు పోయాయి. ట్రై చేసి చూడండి. బ్లీచ్ కూడా కొంచెం కలిపితే ఇంకా...

లాండ్రీ వాళ్ల అబ్బాయి:
అక్కా అలా చెప్పకండి! వెనిగర్, నిమ్మరసం, ఏ పులుపైనా క్లోరిన్ బ్లీచ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, బాత్‌రూమ్ తలుపేసుకుని ఎనిమిదో నెల మనిషి అది పీలిస్తే ఏం కావాలి. సోడా, వెనిగర్ కలిపితే బుస్సుమని పొంగుతుంది, పని జరుగుతున్నట్టు కనబడుతుంది, అంతే. ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మీకు పోయింది మీరు తర్వాత ఉతికిన సబ్బు వల్ల అయ్యుంటుంది.

డల్లాస్ నుంచి:
అయ్యో, బ్లీచ్ సంగతి తెలీదు తమ్ముడూ. నా మాట వదిలెయ్యండి.

రెండో కాన్పు (కాకినాడ):
అందరికీ థ్యాంక్స్. కలరా ఉండలు మా ఆయన చేత చెత్తబండిలో వేయించాను, అత్తగారితో ఆ విషయం మీద పెద్ద చర్చే జరిగింది, అది వేరే కథ. బోరు నీళ్లు వద్దని మంచినీళ్ల క్యాన్ తెప్పించి మరీ నానబెట్టాను. మొదటిసారి నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయేమో, పొడి అడుగున ఇసుకలా ఉండిపోయింది. రెండోసారి వేడిగా పెట్టాను, కాసేపటికి గుడ్డల చుట్టూ సన్నగా బుడగలు లేచాయి. ఏడు గంటలకి తీస్తే మెడ దగ్గర లేత నిమ్మరంగు మాత్రం మిగిలింది, పెద్దమ్మగారు చెప్పినట్టు తడిగా ఎండలో పరిస్తే సాయంత్రానికి అది కూడా వెతకాలి. మల్లు జుబ్బాకి ఒక టిచ్ బటన్ చుట్టూ తుప్పు చుక్క ఉంది, అది మాత్రం కదల్లేదు. దానికి ఏదైనా ఉందా?

లాండ్రీ వాళ్ల అబ్బాయి:
తుప్పుకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టండి. బ్లీచ్ తగిలిన గుడ్డయితే ముందు బాగా జాడించాకే! ఆ బటన్ తీసేసి గుడ్డతో చేసిన కట్టు కుట్టించుకోండి, లేకపోతే మళ్లీ అదే చుక్క. ఈసారి దాచేటప్పుడు ప్లాస్టిక్ వద్దు, పాత నూలు చీర ముక్కలో చుట్టండి, గంజి అసలు పెట్టకండి, పురుగు అక్కడికే వస్తుంది.

రెండో కాన్పు (కాకినాడ):
నిమ్మకాయ తెచ్చేలోపు పెద్దది ఆ జుబ్బా తాడు మీదనుంచి లాక్కుని తన బొమ్మకి తొడిగేసింది. అడిగితే "ఇది నాది కదా" అంటోంది. బొమ్మ నిద్రపోయాక తియ్యాలట.